ఏనుగు బొమ్మ ఏదండీ?

పిల్లలూ,

కిందటి నెల ఈ పేజీలో బొర్రా గుహల సంగతి రాశాను గదా. అది చదివి ఏడో తరగతి అమ్మాయి ఒకతె నాకు ఉత్తరం రాసింది. "మాస్టారూ, మీ రెప్పుడూ మన ఊళ్ళ గురించే రాస్తారు. మీరు పైదేశాలు చూడలేదా? చూసి ఉంటే అక్కడ మీకు అన్నిటికంటె బాగా గుర్తున్న దేది?" అని అడిగింది.

చూశానమ్మా. 2023లో మా ఇంటావిడా నేనూ లండను వెళ్ళి నెలన్నర ఉన్నాం. మా అమ్మాయీ అల్లుడూ అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ నాకు బాగా గుర్తున్నది ఒక రాయి. ఆ రాయి సంగతి చెప్పాలంటే లండను నుంచి మొదలుపెట్టి లాభం లేదు. బందరు నుంచి మొదలుపెట్టాలి. అదీ 1989 నుంచి.

మచిలీపట్నాన్ని మేం బందరు అంటాం. ఆ రోజుల్లో నేను బందరు పక్కన ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఇంకా హెడ్మాస్టరును కాలేదు. ఆ ఏడు దసరా సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలను విహారయాత్రకు తీసుకుపోదామని తలపెట్టాం. విజయవాడ, ఉండవల్లి, అమరావతి చూసి రాత్రికి ఇల్లు చేరుకోవాలి. బస్సు ఖర్చుకు తలకు పదిహేను రూపాయలు.

బయలుదేరే ముందు వారం రోజులపాటు నేను తరగతిలో అమరావతి గురించే చెప్పాను. కృష్ణ ఒడ్డున రెండువేల ఏళ్ళ కిందట కట్టిన మహాస్తూపం, దాని అడ్డుకొలత సుమారు 50 మీటర్లు, దాని చుట్టూ రాతి కంచె, ఆ కంచె నిండా బొమ్మలు అని చెప్పాను. ఒక పుస్తకంలో ఆ కంచెలోని గుండ్రని బొమ్మ ఒకటి అచ్చువేశారు. అది నాలగిరి అనే ఏనుగు కథ. బుద్ధుడంటే గిట్టని దేవదత్తుడు ఆ ఏనుగుకు కల్లు పట్టించి, బుద్ధుడు వచ్చే వీధిలోకి వదిలాడు. ఏనుగు జనాన్ని తొక్కుకుంటూ వచ్చింది. తీరా బుద్ధుడి ఎదటికి వచ్చేసరికి దాని మదం అణగిపోయి మోకరిల్లింది. ఈ కథ చెప్పి, నల్లబల్ల మీద ఏనుగును కూడా గీశాను. నా ఏనుగు పందిలాగా ఉన్నదని వెనక బల్ల వాళ్ళు నవ్వారు.

నవ్వని పిల్లవాడు ఒకడుండేవాడు. వాడి పేరు చెప్పను, ఇప్పుడు వాడు పెద్దమనిషి. వాళ్ళమ్మ గంపలో చేపలు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది. వాడు పదిహేను రూపాయలూ చిల్లర నాణాలుగా తెచ్చాడు. అన్నీ పావలాలూ, పదిపైసలూ, ఇరవైపైసలూ. ఒక గుడ్డలో మూటకట్టి తెచ్చి నా బల్లమీద పోస్తే లెక్కపెట్టటానికి పావుగంట పట్టింది. డబ్బు కట్టింది మొదలు వాడు రోజూ ఒకే మాట అడిగేవాడు: "మాస్టారండీ, ఏనుగు బొమ్మ దగ్గరికి వెళ్ళి చూడనిస్తారాండీ?" ఎందుకు చూడనివ్వరురా అనేవాణ్ణి.

యాత్ర రోజు రానే వచ్చింది. చీకటితోనే బయలుదేరాం. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీద బస్సు వెళుతుంటే పిల్లలంతా ఒక పక్కకే చేరారు. డ్రైవరు కేకలేశాడు. ఉండవల్లిలో కొండను తొలిచిన గుహాలయంలో, ఒకే రాతిలో మలిచిన అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు. ఆ చీకట్లో స్వామి తల దగ్గర నుంచి పాదాల దాకా నడవటానికే పిల్లలకు చాలాసేపు పట్టింది. అక్కడ భోజనాలయ్యాక అమరావతి చేరుకున్నాం.

తీరా చూద్దును గదా, మ్యూజియం తలుపుకు తాళం! ఆ రోజు శుక్రవారం. పురావస్తుశాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. నలభై అయిదుగురు పిల్లలను వంద కిలోమీటర్లకు పైగా తీసుకువచ్చిన నేను, ముందు ఒక కార్డు ముక్క రాసి ఆ సంగతి కనుక్కోలేదు.

చేసేది లేక పిల్లలను స్తూపం ఉండే చోటికి నడిపించుకుపోయాం. అక్కడ ఏమున్నది? గుండ్రంగా ఒక దిబ్బ, కొంత ఇటుక కట్టు, అక్కడక్కడ నిలబెట్టిన రాతి పలకలు. ఎండ మండుతున్నది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఆ కుర్రవాడు ముందుకు వచ్చి, "మాస్టారండీ, ఏనుగు బొమ్మ ఏదండీ?" అన్నాడు.

తాళం చూసిన దగ్గర నుంచీ నాకు లోపల మంటగా ఉన్నది. తప్పు నాది గనక ఆ మంట ఇంకా ఎక్కువగా ఉన్నది. "ఇక్కడెక్కడిదిరా ఏనుగు? దొరలు ఓడలకెక్కించి లండను పట్టుకుపోయారు. కావలిస్తే అక్కడికి వెళ్ళి చూసుకో, పో!" అన్నాను.

పిల్లలంతా గొల్లున నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు, ఏడవనూ లేదు. ఆ దిబ్బ చుట్టూ ఒక్కడే ఒకసారి తిరిగి వచ్చి బస్సులో కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో అందరూ పాటలు పాడారు. వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇదంతా మనసులో పెట్టుకునే నేను లండను వెళ్ళాను.

హైదరాబాదులో పొద్దున విమానం ఎక్కాం. పది గంటలకు పైగా ప్రయాణం చేసి దిగేసరికి నా చేతి గడియారంలో సాయంత్రం ఆరయింది. బయట చూస్తే ఎర్రటి ఎండ, గోడ గడియారంలో మధ్యాహ్నం ఒకటిన్నర! మనం సూర్యుడి వెంబడి పడమటికి పోయాం గనక మా పగలు సాగిపోయింది. మా ఇంటావిడకు ఈ సంగతి ఎంతకూ మింగుడుపడలేదు. జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిదీ ఇరవై దాకా పొద్దుగూకదు. సంధ్యదీపం పెడదామని ఆవిడ ఆరున్నర నుంచీ కిటికీ దగ్గర కాచుకుని కూర్చునేది. చివరికి విసిగిపోయి, "ఈ ఊళ్ళో సూర్యుడికి ఇల్లూ వాకిలీ లేవు కాబోలు," అన్నది. భూమి కాస్త ఒరిగి తిరుగుతుంది గదా, ఎండాకాలంలో ఉత్తరపు కొస సూర్యుడి వైపు వంగి ఉంటుంది. అందుచేత ఉత్తరానికి పోయినకొద్దీ పగలు పొడుగు. ఇదే లండనులో డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకే దీపాలు పెట్టుకోవాలట.

మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. తెలుగు మాట్లాడుతుంది గాని, ప్రతి వాక్యానికీ ఒక ఇంగ్లీషు తోక తగిలిస్తుంది. ఆ పిల్ల ఒక రోజు, "తాతయ్యా, మీ ఇండియా టైముకూ మా టైముకూ తేడా అయిదున్నర గంటలని మా టీచర్ చెప్పింది. ఫోనులో చూస్తే నాలుగున్నరే ఉంది. ఎవరిది రాంగ్?" అని అడిగింది.

ప్రశ్న బాగున్నది గనక ఆదివారం పూట పిల్లను వెంటబెట్టుకుని గ్రీనిచ్ వెళ్ళాం. అక్కడ కొండమీద 1675లో కట్టిన నక్షత్రశాల ఉన్నది. ఆ ముంగిట్లో నేలమీద ఒక గీత ఉంటుంది. 1884లో చాలా దేశాలవాళ్ళు సమావేశమై, ఆ గీతను సున్నా డిగ్రీల రేఖాంశంగా ఒప్పుకున్నారు. జనం గీతకు ఇవతల ఒక కాలూ అవతల ఒక కాలూ వేసి ఫొటోలు దిగటానికి వరస కట్టి నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం. మా ఇంటావిడ చెప్పులు విప్పి మరీ దిగింది!

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. దాన్ని 15 చేత భాగించండి. అయిదున్నర వచ్చిందా? మా మనవరాలి టీచరు చెప్పినది సరే. మరి ఫోనులో నాలుగున్నర ఏమిటి? ఎండాకాలంలో ఇంగ్లండువాళ్ళు తమ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుకుంటారు. ఆ విధంగా ఫోను చెప్పినదీ సరే. ఇద్దరిలో ఒకరు తప్పు కాకుండా పోవటం మా మనవరాలికి నచ్చలేదు.

మన 82½ డిగ్రీల గీత ఎక్కడుందో తెలుసునా? అది మన ఆంధ్రదేశంలో నుంచే పోతుంది, కాకినాడకు తూర్పుగా. విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్ళే రైలు అన్నవరానికీ తునికీ మధ్య దాన్ని దాటుతుంది. కిందటి ఏడు బొర్రాకు వెళుతూ నేను కూడా దాటాను. అక్కడ నేలమీద గీతా లేదు, ఫొటోలు దిగేవాళ్ళూ లేరు. మామిడితోటలున్నాయి.

గ్రీనిచ్‌లో ఇంకో తమాషా జరిగింది. మా అల్లుడు గీతమీద నిలబడి తన సెల్‌ఫోనులో రేఖాంశం చూశాడు. సున్నా రాలేదు! సున్నా కోసం ఫోను చూసుకుంటూ తూర్పుగా నడిచాం. సుమారు వంద మీటర్లు పోయాక, పార్కులో పచ్చికమీద సున్నా వచ్చింది. ఫోను చెడిపోలేదు. గీత గీసిన శాస్త్రజ్ఞులు దూరదర్శినిని నిట్టనిలువుగా అమర్చుకోవటానికి ఆ చోట భూమి ఆకర్షణ ఎటు లాగుతున్నదో దాన్ని ఆధారం చేసుకున్నారు. తాపీమేస్త్రీ గుండు వేలాడదీసినట్టన్నమాట. భూమి అన్నిచోట్లా ఒకేలా ఉండదు గనక ఆ గుండు సరిగ్గా భూకేంద్రం వైపు చూడదు, వెంట్రుకవాసి పక్కకు తిరుగుతుంది. ఇప్పటి ఉపగ్రహాలు భూకేంద్రాన్ని బట్టే కొలుస్తాయి. ఆ వెంట్రుకవాసి తేడా నేలమీదికి వచ్చేసరికి 102 మీటర్లయింది.

సరే, అసలు సంగతికి వస్తాను.

బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశానికి డబ్బు తీసుకోరు. అందుచేత అక్కడ మన తిరునాళ్ళంత జనం. ఆ మ్యూజియం 1753లో ఏర్పడింది. దానిలో అన్ని దేశాల వస్తువులూ ఉన్నాయి. మా వాళ్ళు ఈజిప్టు శవపేటికలు చూద్దామన్నారు. నేను, "మీరు చూస్తూ ఉండండి," అని మనవరాలి చెయ్యి పట్టుకుని 33ఎ అనే గది వెతుక్కుంటూ పోయాను. అదే అమరావతి గది.

గాజు తలుపు తీసుకుని లోపల అడుగుపెట్టాను. పిల్లలూ, ఏం చెప్పను? గోడ పొడుగునా మన రాళ్ళే. స్తంభాలు, పలకలు, విచ్చిన తామరపువ్వులు, పూలదండ మోసే మరుగుజ్జులు, చేతులు జోడించిన ఆడవాళ్ళు. వాళ్ళ జడలూ, కడియాలూ చూస్తే మా వీధిలోవాళ్ళే అక్కడికి వచ్చి నిలబడినట్టున్నది. 120కి పైగా రాళ్ళు ఆ మ్యూజియం వారి దగ్గర ఉన్నాయి.

"తాతయ్యా, ఇవి మన ఊరివా?" అని అడిగింది పిల్ల.

"మన ఊరివి కావమ్మా, మన ఏటివి," అన్నాను. ఆ సమయంలో నాకు అంతకంటె మాట తోచలేదు.

అక్కడి నుంచి ఇద్దరం ఏనుగును వెతకటం మొదలుపెట్టాం. నేను కుడి నుంచి, మనవరాలు ఎడమ నుంచి. మధ్యలో కలుసుకున్నాం. ఏనుగులు లేకపోలేదు, కాని నా నాలగిరి లేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాం. అయినా లేదు. అక్కడ కావలి ఉన్నాయన మేం అదేపనిగా తిరుగుతుంటే దగ్గరికి వచ్చి, ఏదైనా పారేసుకున్నారా అని మర్యాదగా అడిగాడు.

ఏనుగు దొరకలేదు గాని, ఆ వెతుకులాటలో ఇందాక చెప్పిన రాయి దొరికింది. అదొక పలక. రెండువైపులా చూడటానికి వీలుగా నిలబెట్టారు. ఒకవైపు స్తూపం బొమ్మే చెక్కి ఉన్నది. ఇవాళ అమరావతిలో దిబ్బ మాత్రమే మిగిలిన ఆ మహాస్తూపం ఎలా ఉండేదో ఆ పలక మీద ఉన్నది. పెద్ద గుమ్మటం, చుట్టూ కంచె, ద్వారం దగ్గర సింహాలు, వాకిట్లో అయిదేసి స్తంభాలు, పైన ఎగిరే దేవతలు. రెండోవైపు వెళ్ళి చూస్తే బొమ్మ వేరు. ఒక చెట్టు, చెట్టుకింద ఖాళీ పీట, పీట ముందు రెండు పాదముద్రలు, చుట్టూ దణ్ణం పెడుతున్న మనుషులు. బుద్ధుడు లేడు! మొదటి రోజుల్లో శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదు. ఆయన ఉన్నాడనటానికి గుర్తుగా ఖాళీ పీటా, పాదాలూ పెట్టేవారు. ఆ వైపు చెక్కినది క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దంలో. మూడువందల ఏళ్ళు పైచిలుకు గడిచాక స్తూపాన్ని కొత్తగా తీర్చిదిద్దేటప్పుడు, అదే పలకను వెనక్కు తిప్పి రెండోవైపు స్తూపం బొమ్మ చెక్కారు. మీరు పలక ఒకవైపు నిండితే తిప్పి రెండోవైపు రాయరూ? అలాగన్నమాట. కాని మొదటివైపును చెరపలేదు. ఆ శిల్పి చెరపకపోవటం వల్ల ఇవాళ ఆ రెండు కాలాలూ ఒక్క రాయి మీద ఉన్నాయి.

అక్కడ గోడల మీద రాసిపెట్టినది చదివాను. మ్యూజియం దుకాణంలో ఒక లావుపాటి పుస్తకం దొరికితే అదీ అక్కడే నిలబడి చాలాభాగం చదివాను. (కొనలేదు. దాని ధర చూసి మా ఇంటావిడ నా జేబు మీద చెయ్యి వేసింది.) నేను 1989లో పిల్లలకు చెప్పినది ఎంత తప్పో అప్పుడు తెలిసింది.

రాళ్ళు లండను వెళ్ళిన మాట నిజమే. కాని కథ అక్కడ మొదలుకాలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో కొత్తగా పట్నం కట్టిస్తున్నారు. అప్పటికి స్తూపం మట్టిలో పూడిపోయి దీపాలదిన్నె అనే పేరుతో ఒక గుట్టగా ఉండేది. ఇళ్ళకు రాయీ ఇటుకా కావలసివచ్చి ఆ గుట్టను తవ్వారు. చక్కని పలకలు బయటపడ్డాయి. అవి ఏమిటో ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. వాటిని గోడల్లో పెట్టి కట్టారు. 1797లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి ఈ సంగతి విని వచ్చి చూశాడు. తరవాత మళ్ళీ వచ్చి తన మనుషుల చేత ఎన్నో రాళ్ళకు బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు ఉన్నా, వాటిలోని కొన్ని రాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేవు.

ఎందుకు లేవు? ఆ రాళ్ళను కొందరు సున్నం కాల్చుకున్నారు.

ఇక్కడ మీరు కిందటి నెల నేను రాసినది గుర్తు తెచ్చుకోవాలి. బొర్రా గుహలు సున్నపురాతివి. అమరావతి శిల్పాలూ సున్నపురాతివే, పల్నాటి రాయి. బట్టీలో పెట్టి బాగా కాలిస్తే సున్నపురాతిలో నుంచి బొగ్గుపులుసు గాలి బయటికి పోయి సున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. మా బందరు వైపు నత్తగుల్లలను కాల్చి గుల్లసున్నం చేసేవారు. గుల్లలో ఉన్నదీ ఆ పదార్థమే. ఇంట్లో కోడిగుడ్డు పెంకు ఉంటే దానిమీద నిమ్మరసం పిండి చూడండి. బుడగలు వస్తాయి. ఆ బుడగల్లో ఉన్నది బొగ్గుపులుసు గాలి. పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. పట్నాల పొగ గాలిలో కూడా ఆ పులుపు ఉంటుంది గనక, లండనులో ఆ రాళ్ళను గాజు తలుపుల వెనక, గాలిని అదుపులో పెట్టి ఉంచారు.

ఇంకో సంగతి చదివి నేను నిజంగా ఉలిక్కిపడ్డాను. 1830ల నాటికి ఆ రాళ్ళలో కొన్నిటిని రాబర్ట్‌సన్ అనే అధికారి మా బందరుకు తెప్పించి, బజారులో అలంకారంగా నిలబెట్టించాడట! ఆయన పేరనే ఇప్పటికీ బందరులో రాబర్ట్‌సన్‌పేట ఉన్నది. ముప్ఫయి ఏళ్ళపాటు నేను కూరగాయల సంచీ పట్టుకుని ఆ పేట వీధుల్లో తిరిగాను. మా పిల్లలను బస్సెక్కించి అమరావతి తీసుకుపోయాను గాని, అమరావతి ఒకప్పుడు మా బజారుకే వచ్చి నిలబడిందని నాకు తెలియదు.

1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి మళ్ళీ తవ్వించి, దొరికిన రాళ్ళను మద్రాసు చేర్చాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ బయట పడి ఉన్నాయి. 1859లో వాటిలో కొన్నిటిని ఓడ మీద లండనుకు పంపారు. అక్కడైనా వాటిని నెత్తిన పెట్టుకున్నారా అంటే అదీ లేదు. ఒక గుర్రపుబండ్ల కొట్టంలో పడేశారు. 1867లో ఫెర్గూసన్ అనే పండితుడు వాటిని ఆ కొట్టంలో చూసి వెలికితీయించాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఇన్ని చేతులు మారిన తరవాత ఇన్ని రాళ్ళు మిగలటమే వింత అనిపించింది నాకు. ఎవరు ఎక్కువ పాడుచేశారని ఒక్కరి మీద వేలు పెట్టి చూపటం కష్టం. అలా అని వాటిని మన ఏటి ఒడ్డున చూడలేకపోవటం నాకు బాధగా లేదని కూడా చెప్పను.

ఆ లావుపాటి పుస్తకంలోనే నా ఏనుగు కనిపించింది. 1989లో చూసిన ఆ గుండ్రని బొమ్మే. కింద రాసి ఉన్నది: ప్రభుత్వ మ్యూజియం, చెన్నై.

చెన్నై! అంటే ఆ ఏనుగు ఎన్నడూ ఓడ ఎక్కనే లేదు. ఎగ్మూరులో ఉన్నది. నేను చెన్నైకి తక్కువలో తక్కువ పదిసార్లు వెళ్ళాను. ఒకసారి కంటి ఆపరేషనుకు పోయి, ఆ చుట్టుపక్కలే వారం రోజులు బస చేశాను. ఆ పిల్లవాణ్ణి వెళ్ళి లండనులో చూసుకోమన్నాను!

దుకాణంలో నిలబడి నేను నవ్వానో ఏమో, "తాతయ్యా, ఏమైంది?" అన్నది మనవరాలు. చెప్పాను. ఆ పిల్ల అంతా విని, "అయితే అతనికి ఫోన్ చెయ్యి," అన్నది. ముప్ఫయి నాలుగేళ్ళుగా నాకు తోచని సంగతి ఆ పిల్లకు ఒక్క క్షణంలో తోచింది.

ఇండియా వచ్చాక, ఆ బాచి పిల్లలను ఇద్దరు ముగ్గురిని అడిగి నంబరు సంపాదించాను. ఇప్పుడు వాడికి యాభై దగ్గరపడుతున్నది. ఫోను చేసి నా పేరు చెప్పగానే, "మాస్టారండీ! బాగున్నారాండీ?" అని అదే గొంతు, కాస్త బొంగురుపోయింది అంతే. నేను చెప్పదలచుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆ రోజు నేను విసుక్కున్నది తప్పనీ, చెప్పిన జవాబు కూడా తప్పనీ, ఏనుగు చెన్నైలో ఉన్నదనీ.

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నేను అడిగానాండీ? నాకు గుర్తు లేదండీ," అన్నాడు.

నేను తెల్లబోయాను.

"ఉండవల్లిలో కోతి నా అన్నం పొట్లం ఎత్తుకుపోయిందండీ. మీ పెరుగన్నంలో సగం నాకు పెట్టారు. అందులో దబ్బకాయ ఊరగాయ. అది గుర్తుందండీ," అన్నాడు.

కోతీ, పెరుగన్నమూ నాకు బొత్తిగా గుర్తు లేవు. ఇప్పటికీ గుర్తు రావటం లేదు. మా ఇంటావిడను అడిగితే, ఆ రోజుల్లో మనింట్లో దబ్బకాయ ఊరగాయ ఉండేది నిజమే అన్నది.

వాడు బందరు నుంచి చెన్నైకి రొయ్యల లోడు తీసుకువెళ్ళే లారీ నడుపుతున్నాడట. నెలకు మూడు నాలుగుసార్లు వెళతాడు. "ఎగ్మూరా అండీ? ఆ స్టేషను నాకు తెలుసండీ," అన్నాడు. నేను, "శుక్రవారం మాత్రం వెళ్ళకు, అక్కడా సెలవే," అని రెండుసార్లు చెప్పాను. వాడు నవ్వాడు.

ఇరవై రోజుల తరవాత, ఒక మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే ఫోను మోగి ఆగింది. చూస్తే ఫొటో. లారీ ఊరి బయట పెట్టి, లోకల్ రైల్లో ఎగ్మూరు వచ్చి, ఏనుగు దగ్గరికి వెళ్ళాడు. బొమ్మ చక్కగా వచ్చింది. వీధీ, మేడ కిటికీల్లోంచి తొంగిచూసే జనమూ, భయపడి పక్కవాళ్ళను పట్టుకున్న ఆడమనిషీ, అన్నీ కనిపిస్తున్నాయి. ఫొటో కింద వాడి గొంతు కూడా ఉన్నది. నొక్కి విన్నాను.

"మాస్టారండీ, చూశానండీ. కాని మీరు ఒక ఏనుగన్నారు గదండీ. ఇక్కడ రెండున్నాయండీ. ఒకటి మనిషిని తొండంతో పట్టి ఈడుస్తున్నది, ఒకటి మోకాళ్ళ మీద కూర్చున్నది. ఈ రెండోది ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

కళ్ళజోడు పెట్టుకుని ఫొటోను మళ్ళీ చూశాను. పుస్తకంలో అన్నిసార్లు చూసి, నల్లబల్ల మీద గీసి కూడా, రెండు ఏనుగులున్నట్టు నేను ఏనాడూ పిల్లలకు చెప్పలేదు. గీసినదీ ఒక్కదాన్నే.

ఫోను నోటి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా చెప్పాను: "ఒరే, రెండూ ఒకటేరా. ఎడమవైపు ఉన్నది ముందు జరిగిన సంగతి. కుడివైపుది తరవాతి సంగతి. శిల్పి ఒక ఏనుగునే రెండుసార్లు చెక్కాడు. కథ కదలాలి గదా, అందుకు..."